నాగు కాదు, బదులు
(రఘునాథపల్లిలో జరిగిన పెద్దసారు స్మారక సభలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



ఈ ఊరి బడిలో మాకు పాఠాలు చెప్పిన పెద్దసారు పేరు మీద మాట్లాడమని కబురు వచ్చినప్పుడు, వెనుకబడిన దేశాలకు ప్రపంచం అందించే సహకారం గురించి మాట్లాడతానన్నాను. ఢిల్లీలోనో జెనీవాలోనో మాట్లాడుకోవలసిన సంగతి రఘునాథపల్లిలో ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. నాకు ఆ సంగతి మొట్టమొదట తెలిసింది ఈ ఊళ్లోనే, ఒక నూనె డబ్బా మీద.

మేము చదువుకునే రోజుల్లో మధ్యాహ్నం బడిలో ఉప్మా పెట్టేవారు. కేర్ సంస్థ ద్వారా అమెరికా నుంచి వచ్చిన గోధుమ రవ్వ, ఆ డబ్బాల్లోని నూనె. ఆ వాసన నా వయసు వాళ్లందరికీ ఇంకా గుర్తుంటుంది. డబ్బా మీద ఇంగ్లీషు అక్షరాలు, ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతుల బొమ్మ ఉండేవి. ఒకనాడు పెద్దసారు ఖాళీ డబ్బాను తెచ్చి బల్ల మీద పెట్టి, "గీ రెండు చేతులల్ల ఇచ్చే చెయ్యి ఏది, తీసుకునే చెయ్యి ఏది, చెప్పుర్రి" అన్నారు. తలా ఒకటి చూపించాం. సారు డబ్బాను తలకిందులు చేసి మళ్లీ అడిగారు. ఈసారి ఎవరం చెప్పలేకపోయాం. "చెప్పరాదు బిడ్డా. చెప్పరాకుంటనే అది బదులు. చెప్పొస్తే అది నాగు" అన్నారు.

ఇప్పటి పిల్లలకు నాగు అంటే పాము ఒక్కటే తెలుసు. మీ తాతల కాలంలో ఆ మాటకు ఇంకో అర్థం ఉండేది. వానాకాలం ముందు ఇంట్లో గింజ అయిపోయిన రైతు దొర గడికి పోయి వడ్లు తెచ్చుకునేవాడు. పంట చేతికి రాగానే ఒకటికి ఒకటిన్నర కొలవాలి. కొలవలేకపోతే బాకీ పెరుగుతుంది, ఆ వెనక భూమి పోతుంది, చివరికి మనిషే వెట్టికి పోతాడు. దాన్ని నాగు అనేవారు. మన జనగామ గడ్డ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది ఇలాంటి కట్టుబాట్ల మీదనే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట గింజను తన ఇంటికే చేర్చుకుంటానని నిలబడింది. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చాడు.

బదులు దీనికి పూర్తిగా వేరు. ఈ వారం నీ చేనుకు నేను కలుపుకు వస్తాను, వచ్చే వారం నా చేనుకు నువ్వు రా. నా దగ్గర కంది విత్తనం ఉంది, నీ దగ్గర జొన్న విత్తనం ఉంది, మార్చుకుందాం. ఇక్కడా లెక్క ఉంటుంది కానీ ఎవరి తలా వంగదు. వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా పనిచేసినన్నాళ్లూ, విదేశీ సాయంతో వచ్చిన ప్రతి పథకాన్నీ నేను సారు చెప్పిన ఈ రెండు మాటల తక్కెడలోనే తూచాను. ఆ తూకమే ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

మా ఉప్మాతోనే మొదలుపెడతాను. ఇతర దేశాలకు ఆహార సాయం పంపేందుకు అమెరికా 1954లో పీఎల్-480 అనే చట్టం చేసింది. 1956లో మన దేశం ఆ చట్టం కింద ఒప్పందం కుదుర్చుకుంది. 1965, 1966లలో వరుసగా వానలు పోయాయి. 1966లో మన దేశం కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకుంది. ఆ గింజ రాకపోతే ఎంతమంది పోయేవారో ఊహించుకోవడానికే భయమేస్తుంది. ఆ మేలు మరచిపోవడం మనిషి లక్షణం కాదు. అయితే అదే కాలంలో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ గింజను ఏడాదికి సరిపడా ఒకేసారి ఒప్పుకోకుండా, నెలల లెక్కన కొద్దికొద్దిగా వదిలాడు. మన సాగు విధానం మారాలన్నది ఒక కారణం. వియత్నాం యుద్ధం మీద మన దేశం మాట్లాడిన తీరు నచ్చకపోవడం ఇంకో కారణం. ఆకలి వేసినవాడి గిన్నె ముందు గరిటె పట్టుకుని ఆగడం అది. సారు మాటలో నాగు.

అదే అమెరికా నుంచి, అదే సంవత్సరాల్లో, ఇంకోటి కూడా వచ్చింది. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టింది. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఆచార్యులు మన వాళ్లతో కలిసి దాన్ని నిలబెట్టారు. పాఠం, ప్రయోగశాల, పొలం మూడూ ఒక్కచోట ఉండాలన్న పద్ధతి నేర్పారు. కొన్నేళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. పద్ధతి మిగిలింది. దాన్ని మన ఆచార్యులు మన నేలకు తగినట్టు మలుచుకున్నారు. ఇప్పుడు ఆ ప్రాంగణంలో ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో విశ్వవిద్యాలయం ఉంది. గోధుమ రవ్వ ఆ పూటకు కడుపు నింపింది, చదువు మూడు తరాలకు అన్నం పెట్టింది.

రెండో ఉదాహరణ పటాన్‌చెరు. మన ఊరి నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటాం. మెట్ట పంటల కోసం అనేక దేశాలు, సంస్థలు కలిసి 1972లో ఇక్రిశాట్ అనే పరిశోధన సంస్థను అక్కడ పెట్టాయి. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ దాని ముఖ్య పంటలు. వాన మీద బతికే మన లాంటి ఊళ్ల పంటలే అవి. ధనిక దేశాల ప్రయోగశాలలు అప్పటిదాకా వాటిలో చాలావాటిని పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకంటే అవి పేదల పంటలు.

అక్కడి విత్తన భాండాగారంలో 144 దేశాల నుంచి సేకరించిన 1,20,000కు పైగా విత్తన నమూనాలు చల్లటి గదుల్లో ఉన్నాయి. రైతులను బస్సులో తీసుకుపోయి ఆ గదులు చూపించినప్పుడు, ఒక పెద్దాయన చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. గాదె ముందు చెప్పులు వేసుకోకూడదని మన పెద్దలు చెప్పింది అందరికీ తెలుసు.

ఆ గాదె చేసిన పని ఒకటి రెండు చెబుతాను. పశ్చిమ ఆఫ్రికాలో టోగో అనే చిన్న దేశం ఉంది. దాని ఉత్తర భాగంలో రైతులు తరతరాలుగా వేసుకునే ఒక సజ్జ తొందరగా కోతకు వస్తుంది, గింజ లావు. పటాన్‌చెరు శాస్త్రవేత్తలు ఆ సజ్జ నుంచి ఎంపిక చేసి తీసిన ఐసీటీపీ 8203 అనే రకం 1988లో మహారాష్ట్రకు, అప్పటి మన ఆంధ్రప్రదేశ్‌కు విడుదలైంది. తరువాత దానిలోనే ఇనుము ఎక్కువ ఉన్న మొక్కలను ఏరి వృద్ధి చేశారు. అదే ధనశక్తి. రక్తం తక్కువైన మన ఆడపిల్లలకు బలమిచ్చే సజ్జరొట్టె వెనుక, పేరు తెలియని ఒక టోగో రైతు తల్లి చేతి ఎంపిక ఉంది. టోగో మనకంటే పేద దేశం. ఇక్కడ ఇచ్చింది ఆమె, పుచ్చుకున్నది మనం.

కంది కథ ఎదురు దారిలో నడిచింది. కంది మన దేశంలోనే పుట్టిన పంట. వేల ఏళ్ల కింద ఇక్కడి నుంచి తూర్పు ఆఫ్రికాకు చేరింది. కందికి ఎండు తెగులు వస్తే నిలబడ్డ చేను నిలబడ్డట్టే ఎండిపోతుందని ఇక్కడున్న రైతులకు నేను చెప్పనవసరం లేదు. ఆ తెగులును తట్టుకునే మారుతి రకం 1986లో మనకు వచ్చింది. ఎండు తెగులును, వెర్రి తెగులును రెండింటినీ తట్టుకునే ఆశ 1993లో వచ్చింది. అదే గాదెలో దాచిన ఇంకో రకాన్ని మలావీ దేశం 1987లో తన రైతులకు విడుదల చేసుకుంది. దాని మూల విత్తనం కెన్యాది. కెన్యా గింజ పటాన్‌చెరులో పరీక్షకు నిలిచి మలావీ చేలకు చేరింది. ఈరోజు మన దేశానికి కంది తక్కువపడిన ఏడాది మొజాంబిక్ నుంచి, మలావీ నుంచి, టాంజానియా నుంచి కందులు వస్తున్నాయి. 2016లో మొజాంబిక్‌తో మన ప్రభుత్వం అందుకోసం ఒప్పందమే చేసుకుంది. మన చేను నుంచి పోయిన గింజ మన పప్పు గిన్నెలోకి తిరిగి వచ్చింది. బదులు అంటే ఇదే.

అన్నిటికంటే నా మనసుకు పట్టిన సంగతి ఇంకోటి ఉంది. జొన్నకు పుట్టిల్లు ఇథియోపియా, సూడాన్ ప్రాంతం. కరువులు, అంతర్యుద్ధాలు, చేలలోకి కొత్త రకాలు రావడం వల్ల ఆఫ్రికాలో అనేక పాత రకాలు మాయమయ్యాయి. పటాన్‌చెరు గాదె తన దగ్గర ఉన్న 1,723 జొన్న నమూనాలను ఇథియోపియాకు తిరిగి ఇచ్చింది. కెన్యాకు, నైజీరియాకు, సోమాలియాకు కూడా వాళ్ల విత్తనం వాళ్లకు చేరింది. పుట్టింటి గింజను కాపాడి పుట్టింటికే పంపినట్టయింది. ఆ గాదె కోసం పటాన్‌చెరు పక్కన ఊళ్లు ఖాళీ చేసి, భూములు వదులుకుని కదిలిపోయిన రైతు కుటుంబాలు ఉన్నాయి. ఈ ఫలితం లెక్కలో వాళ్ల వంతు కూడా రాయాలి. అంతర్జాతీయ సహకారం అంటే విదేశీ డబ్బు ఒక్కటే కాదు, తెలంగాణ రైతు విడిచిన నేల కూడా.

ఇక నీళ్లు. ఇప్పుడు మన మండలంలో అశ్వరావుపల్లి రిజర్వాయరులోకి దేవాదుల నుంచి గోదావరి నీళ్లు వస్తున్నాయి. అవి రాని రోజుల్లో మనకు బోరే దిక్కు. ఒకరు 200 అడుగులు వేస్తే పక్కవాడు 300 వేసేవాడు. ఎవరి బోరులో నీళ్లు ఎందుకు తగ్గాయో ఎవరికీ తెలిసేది కాదు.

ఇలాంటి కష్టానికి దారి వెతికిన చిన్న ఊరు ఒకటి రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలో ఉంది, పేరు కొత్తపల్లి. 1999లో ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయంతో ఇక్రిశాట్, క్రీడా అనే మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, జిల్లా నీటి యాజమాన్య సంస్థ, ఒక స్వచ్ఛంద సంస్థ, ఊరి రైతులు కలిసి అక్కడ ఆదర్శ వాటర్‌షెడ్ మొదలుపెట్టారు. చెక్‌డ్యాములు, ఊటగుంతలు, గట్లు వేశారు. సొంత పొలంలో చేసుకునే పనికి రైతు తన వంతు తాను పెట్టుకోవాలన్నది నియమం. ఆ నియమం విన్నప్పుడు నాకు కఠినంగా అనిపించింది. ఊరు చూశాక అర్థమైంది. తన వంతు పెట్టినవాడు ఆ గట్టు తెగితే తానే పార పట్టుకుని పోతాడు. ఊరికే వచ్చిన గట్టు తెగితే ఆఫీసుకు దరఖాస్తు రాస్తాడు. కొత్తపల్లి బావుల్లో నీటిమట్టం లేచింది, రెండో పంట వచ్చింది. అదే పద్ధతిలో థాయ్‌లాండ్‌లో, వియత్నాంలో, దక్షిణ చైనాలో కూడా ఊళ్లు పనులు చేసుకున్నాయి. బయటి దేశాల వాళ్లు కొత్తపల్లి గట్ల మీద నడిచి చూసి వెళ్లారు.

మన పొరుగున ఉన్న పాత నల్లగొండ జిల్లాతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో 2003 నుంచి నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల భూగర్భజల నిర్వహణ పథకం నడిచింది. ఆ పథకం బోర్లు వేసి ఇవ్వలేదు. వాన కొలిచే పరికరం, బావిలో నీటి లోతు కొలిచే పద్ధతి రైతుల చేతికిచ్చింది. రైతులే కొలిచి, ఊరి గోడ మీద రాసి, యాసంగికి ముందు కూర్చుని ఉన్న నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలో లెక్కేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క చూసిన రైతు తానే వరి తగ్గించుకున్నాడు. ప్రపంచం పేదవాడికి ఇవ్వగలిగిన వాటిలో గొప్పది ఇలాంటి అంకె. ఒకసారి చేతికొస్తే దాన్ని ఎవరూ గుంజుకోలేరు.

వైద్యంలో ఒక ఉదాహరణ చెబుతాను. బోదకాలు మందు బిళ్లలు పంచడానికి ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరగడం మీరు చూసే ఉంటారు. ఆ బిళ్లల్లోని డీఈసీ అనే మందును భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1947 నాటికి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసింది. పసిఫిక్ దీవుల్లో యుద్ధానికి పోయిన అమెరికన్ సైనికులకు ఆ జబ్బు సోకడంతో దాని మీద పరిశోధన ఊపందుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో బోదకాలు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఆ మందే మన లాంటి దేశాలకు ప్రధాన ఆయుధమైంది. జపాన్‌కు చెందిన ఐసాయ్ కంపెనీ 220 కోట్ల బిళ్లలు ఉచితంగా ఇస్తానని 2012లో మాట ఇచ్చింది. వాటిని తయారుచేసేది మన విశాఖపట్నంలోని దాని కర్మాగారంలో. తెలుగువాడి తెలివి, అమెరికా ప్రయోగశాల, జపాన్ పెట్టుబడి, విశాఖ కార్మికుల చెమట ఒక బిళ్లలో కలిశాయి. డీఈసీ వాడిన శ్రీలంక 2016లోనే ఆ పీడ వదిలించుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మనం ఇంకా వదిలించుకోవాలి. బిళ్ల ఇచ్చినప్పుడు కొంగున ముడేసుకుని పోకుండా అక్కడే మింగండని అమ్మలను, అక్కలను ఈ వేదిక నుంచి వేడుకుంటున్నాను. ప్రపంచమంతా కలిసి తెచ్చిన మందు మన గూట్లో ఎండిపోకూడదు.

ఇంతవరకు మేలు చెప్పాను. పత్తి దగ్గరికి వస్తే నా గొంతు మారుతుంది. 1997-98లో అప్పటి మన వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నారు. పురుగు, పనిచేయని మందులు, ఎక్కువ వడ్డీల అప్పు ఒకేసారి మీద పడ్డాయి. అప్పుడు నేను ఎన్ని ఇళ్లకు పోయానో, ఏ ఇంట్లోనూ చెప్పడానికి నా దగ్గర మాట లేదు. అదే కాలంలో పశ్చిమ ఆఫ్రికాలో పత్తి పండించే పేద రైతులు కూడా ధర పడిపోయి అల్లాడారు. ధనిక దేశాలు తమ పత్తి రైతులకు భారీ సబ్సిడీలిచ్చి ప్రపంచ ధరను పడగొడుతున్నాయని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థ ముందుకు పోయాయి. కాంకూన్ సమావేశంలో ఆ సబ్సిడీలు ఎత్తివేయాలని అడిగాయి. ఎగుమతి సబ్సిడీల మీద తరువాత కట్టడి వచ్చింది. దేశం లోపల ఇచ్చే సబ్సిడీల మీద ఆ నాలుగు దేశాలు అడిగిన న్యాయం ఇప్పటికీ పూర్తిగా దక్కలేదు. ఒక చేత్తో సాయం పెట్టి, ఇంకో చేత్తో ధర కోసుకుంటే దాన్ని సహకారం అని ఎలా అంటాం? రఘునాథపల్లి పత్తి రైతు, మాలి పత్తి రైతు ఒకరినొకరు ఎన్నడూ చూడకపోవచ్చు. వాళ్ల కష్టం ఒక్కటే. ఆ నాలుగు దేశాలకు, మరో మూడు ఆఫ్రికా దేశాలకు మన ప్రభుత్వం పత్తి సాగులో, శిక్షణలో తోడ్పడే కార్యక్రమం పెట్టిందని తెలిసినప్పుడు నాకు సంతోషం కలిగింది. తోటి రైతుకు చేయి అందించడమే దానికి సరైన పేరు.

ఇప్పటి పరిస్థితి చెప్పి ముగింపుకు వస్తాను. ధనిక దేశాలు తమ ఆదాయంలో నూటికి 0.7 వంతు అభివృద్ధి సాయానికి ఇవ్వాలని 1970లో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది. అర్ధ శతాబ్దం దాటింది. 2024లో వాళ్లు ఇచ్చింది సగటున 0.33 మాత్రమే. మా చిన్నప్పుడు డబ్బా మీద చేతుల బొమ్మ వేసిన అమెరికా సంస్థ యూఎస్ఎయిడ్‌ను 2025 జూలై 1న మూసేశారు. ఇంకోవైపు, ఆరోగ్యానికో చదువుకో పెట్టేదానికంటే అప్పుల వడ్డీలకే ఎక్కువ కడుతున్న దేశాల్లో 330 కోట్ల మంది బతుకుతున్నారని ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ 2023లో లెక్క చెప్పింది. ఊరి నాగు పోయింది కానీ దేశాల నాగు మిగిలే ఉంది.

ఇక్కడ మన బాధ్యత కూడా ఉంది. 1964లో మన దేశం ఐటెక్ కార్యక్రమం పెట్టి ఇతర దేశాల వారికి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థలో, యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల సంస్థలో ఆఫ్రికా, ఆసియా దేశాల ఉద్యోగులు వచ్చి చదువుకుపోతున్నారు. ఒకప్పుడు పుచ్చుకున్న మనం ఇప్పుడు ఇచ్చే స్థానంలో కూడా ఉన్నాం. ఆ స్థానంలో దొర గొంతు పెట్టకూడదు. మన అప్పు షరతు, మన కంపెనీ లాభం, మన జెండా గొప్ప కోసం ఇంకో పేద దేశాన్ని వంచితే, ఐలమ్మ నిలబడ్డ గడ్డ వాళ్లమని చెప్పుకునే అర్హత మనకుండదు.

నా మాట ఇదే. సాయం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి ఎన్ని కోట్లు వచ్చాయని అడగడం చాలదు. పుచ్చుకునేవాడికి నియమాలు రాసే చోట కుర్చీ ఉందా? అతని దగ్గర ఉన్నదాన్ని ఇచ్చేవాడు కూడా నేర్చుకున్నాడా? సాయం ఆగిపోయాక అతని చేతిలో ఏం మిగిలింది? ఈ మూడింటికి జవాబు దొరికితే అది బదులు, దొరకకపోతే నాగు.

పిల్లలకు ఒక పని చెప్పి సెలవు తీసుకుంటాను. ఈ వారం మీ నాయనమ్మను, అమ్మమ్మను అడగండి. ఖిలాషాపూర్‌లోనో, నిడిగొండలోనో, ఏదైనా తండాలోనో ఎవరి ఇంట్లోనైనా పాత జొన్న, పాత కంది, పాత ఆముదం విత్తనం పిడికెడైనా మిగిలి ఉంటే దాని పేరు, ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏ నేలకు తగింది నోటుబుక్కులో రాసి మీ సార్లకు ఇవ్వండి. ఆ నోటుబుక్కులను పటాన్‌చెరుకు, రాజేంద్రనగర్‌కు చేర్చే బాధ్యత నేను తీసుకుంటాను. కరువొచ్చిన ఏ దేశంలోనో, మనం ఎన్నడూ చూడని ఒక రైతు ఇంటికి మన ఊరి గింజ అవసరం కావచ్చు. టోగో తల్లికి మనం బాకీ ఉన్నాం. ఆ బాకీ తీర్చే గింజ మీ ఇంటి ఉట్టి మీద ఉందేమో వెతకండి.